ఎలుగుబంటి వెనక్కాళ్ళు

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. నాటకం కంపెనీలో చేరిన రెండో వారానికే దాన్ని అందరూ మరిచిపోయారు. "వెనక్కాళ్ళు వచ్చాడా? వెనక్కాళ్ళకి టీ ఇచ్చారా?" అనేవాళ్ళు. మొదట్లో చిన్నబుచ్చుకునేవాడు. తర్వాత తర్వాత ఆ పిలుపుకి పలకడం అలవాటైపోయింది. నలభై రెండేళ్ళ మనిషి, ఒకప్పుడు తాళ్ళమీద వేలాడి విన్యాసాలు చేసినవాడు, ఇప్పుడు ఒక ఎలుగుబంటికి వెనక కాళ్ళుగా బతుకుతున్నాడు. పని పనే కదా.

ఆ ఎలుగుబంటి అల్లాటప్పాది కాదు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ పదేసిసార్లు ఆడిన యానిమేషన్ సినిమాలోది. మంచు అడవిలో తప్పిపోయిన పసిపిల్లని అది పెంచుతుంది. చివర్లో పిల్ల తాలూకు వాళ్ళు పడవ వేసుకుని వస్తారు, పిల్ల వెళ్ళిపోతుంది, ఎలుగు ఒడ్డున నిలబడి చూసి అడవిలోకి తిరిగిపోతుంది. ఇంతే కథ. దాన్నిప్పుడు పాటలూ ఆటలూ చేర్చి రంగస్థలం ఎక్కిస్తున్నారు. వెదురు బద్దలు, స్పాంజి, బొచ్చుగుడ్డ కలిపి ఎలుగుని కట్టారు. లోపల ముందుభాగంలో ఒక పెద్దాయన నిలబడి తలనీ ముందు కాళ్ళనీ ఆడిస్తాడు. ఆయన్ని అందరూ తలగారు అంటారు, గారుతో సహా. వెనకభాగంలో నడుం వంచుకుని ఇతను.

వెనక ఉన్నవాడికి లోకం కనబడదు. కనబడేదల్లా తలగారి వీపు, ఆ వీపు మీద చెమట, నడుముకి బిగించిన తోలుపట్టీ. ఆ వీపు ఊపిరి పీలిస్తే తనూ పీల్చాలి, వదిలితే తనూ వదలాలి. ఇద్దరి ఊపిరీ ఒకటైతేనే బొమ్మకి ప్రాణం వస్తుందని మొదటిరోజే చెప్పారు. నాలుగు నెలలుగా అలా జానెడు దూరంలో ఊపిరి కలుపుతున్నాడు గానీ, తలగారికి పెళ్ళయిందో లేదో కూడా ఇతనికి తెలియదు. బొమ్మలోంచి బయటపడగానే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని తన గదిలోకి వెళ్ళిపోయేవాడు. రేపు కలుద్దాం అని కూడా అనేవాడు కాదు. కలవక ఎక్కడికి పోతామని కాబోలు.

ఈ పని వల్ల అతనికో పాడు అలవాటు పట్టుకుంది. వీధిలో ముందు ఎవరు నడుస్తుంటే వాళ్ళ అడుగులో అడుగు పడిపోయేది. ఒకసారి మందుల షాపుకని బయల్దేరి, ఎవరో బూడిదరంగు కోటాయన వెనక రెండు వీధులు నడిచి, ఆయన ఇంటి మెట్ల దాకా వెళ్ళిపోయాడు. ఆయన గిరుక్కున తిరిగి, "ఏమయ్యా, ఏం కావాలి నీకు?" అన్నాడు. ఏం కావాలో చెప్పడం మొదలుపెడితే చాలా ఉంది. "ఏం లేదండీ, దారి తప్పాను" అని వచ్చేశాడు. మందులు కొనడం మరిచిపోయాడు.

అతని గది బట్టలుతికే షాపు మీద ఉంది. కింద యంత్రాలు తిరుగుతున్నంతసేపూ నేల సన్నగా వణికేది. సెలవురోజు షాపు మూసేస్తే ఆ తోడు కూడా ఉండేది కాదు. మనిషి ఒంటరివాడు, దీన్ని తిప్పి తిప్పి చెప్పాల్సిన పనిలేదు. భార్యా, కూతురూ నాలుగు గంటల దూరంలో వేరే ఊళ్ళో ఉన్నారు. నాలుగేళ్ళ కిందట, ఊరూరా ప్రదర్శనలు, రెండు నెలల్లో వచ్చేస్తానని చెప్పి బయల్దేరాడు. అవి అయ్యేసరికి ఇంకో కంపెనీ పిలిచింది, ఆ తర్వాత మరొకటి. ఇంట్లో ఎవరూ పొమ్మనలేదు, ఇతనూ పోతున్నానని చెప్పలేదు. వెళ్ళినవాడు తిరిగి వెళ్ళలేదు, అంతే. భార్య ఓపిక పట్టినంతకాలం పట్టి, తర్వాత ఇతని బట్టలు అట్టపెట్టెలో సర్ది పంపించేసింది. పెట్టెలో ఒక్క తిట్టయినా రాసి పెట్టిందేమోనని వెతికాడు. చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి ఉన్నాయి.

బుధవారం సాయంత్రం కూతురు ఫోను చేసేది. తొమ్మిదేళ్ళ పిల్ల, ఆ సినిమా అంటే ప్రాణం. పని దొరికిన కొత్తలో, "నాన్నా, ఇప్పుడేం వేషం నీది?" అని అడిగింది.

"ఎలుగుబంటి."

"మన ఎలుగుబంటా? మొత్తం నువ్వేనా?"

అక్కడ సగం అని ఉంటే సరిపోయేది. నోరు తిరగలేదు. ఆ పిల్ల గొంతులో తన గురించి అంత సంబరం విని ఎన్నాళ్ళయిందో. "మొత్తం నేనే" అన్నాడు. అప్పట్నుంచి ప్రతి బుధవారం ఎలుగులా ఊపిరి తియ్యమనేది, ఇతను ఫోన్లోకి బుసబుసమని తీసేవాడు, ఆ పిల్ల పడీ పడీ నవ్వేది. వారం మొత్తంలో ఇతని గదిలో వినబడే నవ్వు అదొక్కటే.

"క్లాసులో అందరికీ చెప్పేశా నాన్నా" అంది ఒకరోజు. "మొదటి ఆదివారం మధ్యాహ్నం ఆటకి మేం వస్తున్నాం. అమ్మ టికెట్లు తీసేసింది. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా వెనక వరస. ఎలుగు ఏడ్చేది బాగా చెయ్యి, సరేనా?"

 చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంటూ, "అలాగే తల్లీ" అన్నాడు.

కంపెనీలో అసలు చిక్కంతా ఆ ఏడుపు దగ్గరే వచ్చింది. సినిమాలో ఆ చోట తెర నిండా ఎలుగు కన్ను ఒక్కటే కనబడుతుంది, అందులో పడవ చిన్నదవుతూ చిన్నదవుతూ పోతుంది. హాల్లో అందరూ ముక్కులు చీదుకుంటారు. రంగస్థలం మీద ఆ వీలు ఎక్కడిది? చివరి వరసవాడికి ఎలుగు కన్ను ఆవగింజంత. కంట్లోంచి గాజు చుక్క జారేటట్టు చేశారు. అది ముక్కు దగ్గర బొచ్చులో చిక్కుకుని వేలాడితే, దుస్తులు కుట్టే ఆవిడ, "పాపం జలుబు చేసినట్టుంది" అంది. సంగీత దర్శకుడు, పాటల నాటకమన్నాక ఇక్కడ పాట పడాల్సిందేనని పట్టుబట్టి ఎలుగుకి పాట కట్టాడు. కథ మొత్తంలో ఒక్క మాట మాట్లాడని ఎలుగు ఉన్నట్టుండి గొంతెత్తేసరికి పాడినవాళ్ళకే నవ్వొచ్చింది. దర్శకురాలికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎలుగుకి ఆ తోక కూడా ఉండీ లేనట్టే.

ప్రదర్శన ఇంకా పదిరోజులుందనగా అదే సీను నలభయ్యోసారి చేస్తున్నారు. పక్కన వాయించే డప్పు ఆగాలి, ఆరు లెక్కపెట్టాలి, ఏడుకి ఎలుగు అడవి వైపు తిరగాలి. లోపల ఇతను లెక్కపెట్టడం లేదు. 'తల్లీ, నాన్న నీకో మాట చెప్పాలి, మొత్తం నేను కాదు' అని లోలోపల కూడబలుక్కుంటున్నాడు. నేను కాదు అన్నచోట ఆగిపోతున్నాడు. మళ్ళీ మొదటికొస్తున్నాడు. ఏడు ఎప్పుడో దాటింది. తలగారు తిరిగి నడక మొదలుపెట్టాడు. వెదురు కిర్రుమంది, నడుం దగ్గర బొచ్చుగుడ్డ సాగింది, ముందరి వీపు దూరమైపోయింది. ఇతను అక్కడే పడవ వైపు తిరిగి నిలబడిపోయాడు.

"ఆగండి! ఎవరూ కదలొద్దు!" దర్శకురాలు అరిచింది. ఇతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ మెట్లెక్కి చివరి వరస దాకా పరిగెత్తిన చప్పుడు వినబడింది. పైనుంచి మళ్ళీ గొంతు. "తలగారూ, మీరు వెళ్ళిపోతూనే ఉండండి. వెనక్కాళ్ళూ, నువ్వు కదిలావంటే చంపేస్తాను!"

ఆవిడ కిందికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తల ఒప్పుకుంది, కాళ్ళు ఒప్పుకోలేదు" అంది. "ఇది చాలు. పాట తీసెయ్యండి, చుక్క తీసెయ్యండి. నువ్వు పదకొండు లెక్కపెట్టే వరకూ ఆగు. ఆ తర్వాత ఒక్కో కాలూ కదుపు."

ఆ సాయంత్రం తలగారు నడవలో మొదటిసారి ఇతన్ని పలకరించాడు. "నాలుగు నెలలుగా నేను ఏడుస్తుంటే ఎవరికీ పట్టలేదు. నువ్వు కునుకు తీస్తే కళ అయిపోయిందా?"

"కునుకు కాదండీ."

"మరేంటి?"

ఇతను వంగి చెప్పుల పట్టీ పెట్టుకోసాగాడు. ఆయన తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ బుధవారం కూడా ఇతను నిజం చెప్పలేదు. చెప్పేవాడే. కానీ ఇతను ఫోను ఎత్తగానే ఆ పిల్ల, "నువ్వు ఎలుగువని చెప్తే అమ్మ కూడా నవ్వింది నాన్నా" అంది. ఇక ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ఎలుగు నడిచింది, చేపలు పట్టింది, పిల్లని వీపున మోసింది. ఇతను చీకట్లో ఆ వీపు వెంట అడుగు తప్పకుండా నడిచాడు. డప్పు ఆగింది. తలగారు తిరిగి వెళ్ళాడు, గుడ్డ సాగింది, ఇతని ముందు ఖాళీ మిగిలింది. ఒకటి, రెండు, మూడు. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా వెనక ఉన్న పిల్లకోసం మోకాళ్ళలో ఉన్న బలమంతా నేలలోకి దింపి నిలబడ్డాడు. హాల్లో చిప్స్ పొట్లం చప్పుడు కూడా లేదు. ఎనిమిది దగ్గర ఎక్కడో ఎవరో వెక్కారు. పదకొండు అయ్యాక ఒక్కో కాలూ కదిపాడు. చప్పట్లు లోపలికి వాన చప్పుడులా వినబడ్డాయి.

ఎలుగు రెండు ముక్కలుగా పిల్లల కంట పడకూడదని కంపెనీలో గట్టి నియమం. ఆట అయ్యాక తలగారు ఒక్కడే ఎలుగు తల పట్టుకుని పక్క తలుపు దగ్గర పిల్లలతో ఫొటోలు దిగుతాడు. హాలు ఖాళీ అయ్యేదాకా ఇతను నడవ దాటి రాకూడదు. ఆ నడవలోనే, నడుం దాకా బొచ్చు ప్యాంటు, పైన చెమటకి తడిసిన బనీనుతో స్టూలు మీద కూర్చున్నాడు.

తలుపు దగ్గర, "మా నాన్నే ఎలుగుబంటి" అని ఎవరో పిల్ల గట్టిగా అనడం వినబడింది. లేచి నిలబడ్డాడు. పారిపోదామంటే ఆ ప్యాంటుతో ఎక్కడికి?  తర్వాత, "అసలు పనిమంతుడు లోపలున్నాడమ్మా, రా" అంటూ తలగారే, చంకలో ఎలుగు తలతో, ఆ పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తీసుకొచ్చి, ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయాడు.

పిల్ల పొడుగైంది. ఫోన్లో గొంతుకి పొడుగు తెలియదు కదా. ఇతని కాళ్ళకేసి చూసింది.

"నువ్వు వెనక కాళ్ళా?"

"ఊఁ."

"మొత్తం నేనే అన్నావ్."

"అబద్ధం చెప్పాను తల్లీ."

ఏడుస్తుందనుకున్నాడు. ఆ పిల్ల గొంతుక్కూర్చుని మోకాలి దగ్గర బొచ్చుని నిమిరి చూసింది. "తల వెళ్ళిపోయాక వెళ్ళకుండా ఆగింది నువ్వేనా?"

"నేనే."

"పైనుంచి కన్ను అసలు కనబళ్ళేదు. ఇది మాత్రం బాగా కనబడింది. అమ్మ ఏడ్చింది తెలుసా?"

 నాలుగేళ్ళలో ఇతను అంత సంతోషం ఎరగడు. వంగి పిల్లని ఎత్తుకోబోయాడు. ఆ పిల్ల తలెత్తి, లెక్కల్లో అనుమానం అడిగినట్టు అడిగింది.

"అలా ఆగడం నీకొచ్చు కదా నాన్నా. మరి మా దగ్గర ఎందుకు ఆగలేదు?"

కోపంగా అడగలేదు. తెలియక అడిగింది.  ఇతనికి కంపెనీలు, ఊళ్ళు, ఒప్పందాలు అన్నీ గుర్తొచ్చాయి, వాటిలో ఒక్కటీ ఆ పిల్లకి చెప్పేటట్టు లేదు. చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

నడవ చివర భార్య నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో. "బాగా చేశారు" అంది. తర్వాత, "ఐదింటికి బస్సు. దానికి రేపు స్కూలుంది" అంది.

పిల్ల లేచి, మోకాళ్ళు దులుపుకుని, "బుధవారం ఫోన్ చేస్తా" అని వెళ్ళింది. వీపులు చదవడంలో ఆరితేరిన మనిషి, పక్కపక్కనే పోతున్న ఆ రెండు వీపుల్నీ తలుపు మూసుకునేదాకా చూశాడు. పెద్దదాన్లోనూ చిన్నదాన్లోనూ ఏముందో అతనికి ఒక్క ముక్క తెలియలేదు.

సాయంత్రం ఆటకి గంట కొట్టారు. వెళ్ళి తలగారి వెనక నడుం వంచాడు. "ఏమంది?" అన్నాడు తలగారు, తల తిప్పకుండా. ఇతను ఆయన నడుం పట్టీ సరిచేశాడు. ఎలుగు నడిచింది, చేపలు పట్టింది, పిల్లని మోసింది. డప్పు ఆగింది, ముందరి వీపు దూరమైంది. ఇతను ఆగాడు. ఈ సారి పైన, వెనక వరసలో ఎవరున్నారో ఇతనికి తెలియదు. పదకొండు లెక్కపెట్టాడు, ఒక్కో కాలూ ఎత్తి అడవి వైపు నడిచాడు. వెళ్ళిపోవడం అతనికి ఎప్పుడూ కష్టం కాలేదు.