ఉప్పు లేని గిన్నె

మా జమైకా నీలి కొండల మీద మబ్బు పొద్దున్నే దిగి కూర్చుంది, కురవదు, పోదు, ఇలాంటి మబ్బే ఆ రోజూ ఉంది, నేనూ వెర్నలూ కుర్రతనంలో కింగ్‌స్టన్ బస్సెక్కిన రోజు, వాడి ఒళ్ళో డ్రమ్ము, నా ఒళ్ళో చర్చి బ్యాండు వాళ్ళు పారేసిన సాక్సోఫోను, ఇవాళ వాడు శవపెట్టెలో ఉన్నాడు, నేను పక్కన సాక్సోఫోను మెడలో వేసుకుని నిలబడ్డాను, నాలుకతో కొత్త పళ్ళకట్టును పైకి నొక్కుతూ, ఇద్దరిలో ఎవడు ముందు పోతే రెండోవాడు గోతి దగ్గర వాయించాలని ఒట్టు, వాడికైతే రెండు చేతులు చాలు, నాకు ఊదే మూతి మీద పై పళ్ళు గట్టిగా ఆనాలి, గొయ్యి తవ్విన మెర్విన్ రమ్ము సీసా మూత తిప్పుతూ, పళ్ళు కొత్తవే గానీ మామా, గాలి పాతదేగా అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, పళ్ళకట్టు కదిలింది.

లండన్‌లో జాజ్ పెద్దమనుషులు, మీ పాట ఎప్పుడూ ఓ అడుగు ఆలస్యంగా మొదలవుతుందేం అనేవారు, ఇక్కడి రెగే పాటల కుర్రాళ్ళేమో నీది హోటలు వాయిద్యం తాతా, మత్తులో ఉన్న దొరలకి వినిపించుకో అనేవారు, నా రికార్డులు ఏ అరలో పెట్టాలో తెలియక కొట్టువాళ్ళు కింద మూలకి తోసేవారు, వెర్నల్ మాత్రం డ్రమ్ము దగ్గరికి లాక్కునేవాడు, వాడు మొదటి దెబ్బ కొట్టడు, మా దరువే అంత, మొదటి చోటు ఖాళీగా వదిలి తర్వాత దిగుతుంది, ఆ ఖాళీలోకి నేను దూరి, జాజ్ మలుపులన్నీ తిరిగి, వాడి దెబ్బ పడేసరికి బయటపడేవాణ్ణి, జనం దాన్ని నా పేరు పెట్టి లాసెల్స్ బాణీ అన్నారు, నేనూ నమ్మాను.

ఊదు మరిదీ, ఆయన వింటున్నాడు, అంది వెర్నల్ భార్య ఐసిల్డా వదిన, ఊదాను, మొదటి స్వరం నిలబడింది, రెండోది పళ్ళకట్టు కిందనుంచి ఉత్త గాలై జారిపోయింది, ఆగాను, ఎప్పుడూ ఆగే చోటే, అక్కడ వాడు దిగి నన్ను ఎత్తుకునేవాడు, పెట్టె మీద మట్టి పడింది, పొడిగా, దరువు తప్పి, ఎవరో ముసలామె నా పరువు కప్పడానికి కీర్తన అందుకుంది, అందరూ అందుకున్నారు, సాక్సోఫోను దించేశాను.

పెరట్లో మేకతల పులుసు ఉడుకుతోంది, పచ్చి అరటికాయ ముక్కలతో, ఉప్పు వేయకముందే నీలం అంచు గిన్నెలో కాస్త తీసి పోయినవాడి టోపీ పక్కన పెడతారు, ఉప్పు తిన్న ఆత్మకి పూర్వీకుల ఆఫ్రికాకి ఎగిరిపోవడం కుదరదని మా ముసలమ్మల మాట, వాచిన కళ్ళతో వదిన ఓ గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది, ఒక చెంచా మింగాక తెలిసింది, చప్పగా ఉంది, అంచు చూశాను, నీలం, టోపీ పక్కన ఖాళీ, వదిన చెయ్యి గిన్నె దాకా వచ్చి ఆగింది, ఉండనీ వదినా అన్నాను, ఇది నాదే, నా బాణీ అన్నది వాడు నాకు వదిలిన ఖాళీ, ఇక వదిలేవాడు లేడు, గోతిలోకి ఇద్దరం దిగాం, ఒకడు నడిచి వచ్చాడు అంతే.

ఆమె పక్కన కూర్చుంది, తన చెంచా నా గిన్నెలో ముంచింది, ఉప్పు అడగలేదు, గిన్నె అడుగు కనబడేదాకా ఇద్దరం తిన్నాం.