మూడో పిలుపు

కొర్నేలుకి తాతగారి పేరే పెట్టారు. ఆ తాత కాకినాడలో స్టీమరెక్కి బొయిలర్లో బొగ్గు వేసే పనికి వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఓడ ఎర్రసముద్రంలో మునిగిందని ఇంటికి ఒక కార్డు ముక్క వచ్చింది, అంతే. ఏటా సమాధుల పండుగనాడు ఊళ్లో అందరూ తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తే, వీళ్లు గుమ్మంలో పెట్టుకునేవారు.

ఇప్పుడు అదే సముద్రం ఒడ్డున, సౌదీలోని యాన్బులో, కొర్నేలు వెల్డరు. తాత ఎలా పోయాడో తెలుసుకోకుండా ఈ ఊరు వదలనని పంతం పట్టాడు. క్యాంపులో పుస్తకాల పిచ్చి ఉన్న ఇంజనీరు స్టాన్లీని అడిగితే, యుద్ధం నాటి ఓడల మీద నాలుగు పుస్తకాల పేర్లు కాగితం మీద రాసి, పుస్తకాలూ ఇచ్చాడు.

"వరసగా చదువయ్యా. నాలుగోది మాత్రం పగలు చదువుకో" అన్నాడు.

కొర్నేలు వేలు పెట్టి ఇంగ్లీషు కూడబలుక్కుంటూ మూడు నెలలు చదివాడు. మొదటి మూడింటిలో ఫిరంగులు, పతకాలు, అడ్మిరళ్ల అలకలు. కెప్టెను గారి కుక్కపిల్ల పేరు కూడా రాసిన మహానుభావులకి బొగ్గు వేసినవాడి పేరు మాత్రం గుర్తురాలేదు. కొర్నేలుకి ఒళ్లు మండింది.

నాలుగో దాంట్లో తాత ఓడ దొరికింది. ప్రాణాలతో బయటపడ్డ ఆఫీసరు ఒకడు ఇలా చెప్పాడు: "చీకటి. పడవలో ఇంకా చోటుంది. బొగ్గువాళ్లలో కొర్నేలు అనేవాడు పడవలోకి రాలేదన్నారు. పేరు పెట్టి రెండుసార్లు పిలిచాం. చాలా దగ్గర్లో ఎవరో దగ్గారు. పలకలేదు. పడవ తిప్పేశాం."

అంత దగ్గర్లో ఉండి ఎందుకు పలకలేదు? రియాద్‌లో నర్సుగా చేస్తున్న భార్య దయావతికి ఫోను చేసి చదివి వినిపించాడు. ఆవిడ ఆ ముక్క మళ్లీ చదివించుకుంది.

"ఏవండీ, చీకట్లో ఎవరన్నా పేరెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలక్కూడదని మీ ఇంట్లో అంటారు కదండీ? దెయ్యమైతే రెండుసార్లే పిలుత్తాదని..."

కొర్నేలుకి అప్పుడు అర్థమైంది. తాత భయపడి మూడో పిలుపు కోసం ఎదురు చూశాడు. వాళ్లు రెండుసార్లే పిలిచారు. అంత చిన్న సంగతికి ఒక ప్రాణం పోయిందంటే అతనికి ఏడుపు ఆగలేదు.

శుక్రవారం పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక, వాళ్లు పిలవని ఆ మూడో పిలుపు తనైనా పిలవాలని సముద్రం దగ్గరికి వెళ్లాడు. కాస్త దూరంలో పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు, ఎవరో చాపేసుకుని టీ తాగుతున్నారు. రాళ్ల చివరిదాకా నడిచాడు. తాతను పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. నా పేరే కదా, అనుకుని ధైర్యం తెచ్చుకున్నాడు.

"కొర్నేలూ!"

గాలి లేదు, అల లేదు. కాళ్ల కింద రాళ్ల దగ్గర, చాలా దగ్గర్లో, ఎవరో దగ్గారు.

"ఆఁ, ఇక్కడే ఉన్నానండీ" అంది ఒక కుర్ర గొంతు, చలికి వణుకుతూ. "పడవేదండీ?"

కొర్నేలు చుట్టూ చూశాడు. అతని దగ్గర పడవ లేదు.