రెండో కేబుల్

పదకొండూ ఇరవైకి ఆసుపత్రిలో కంప్యూటర్ తెరలన్నీ బిగుసుకుపోయాయి. ఓపీ కౌంటరు, ల్యాబు, మందుల షాపు ఒక్కసారే ఆగాయి. నలభై నిమిషాలు క్యూ కదల్లేదు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు.

అప్పుడు సర్వర్ గదిలో ఇద్దరున్నారు. ఒకడు సిస్టమ్స్ ఇంజనీరు, రెండోవాడు అతని భార్య తమ్ముడు. బావమరిది కేబుళ్లు వేసే పని చేస్తాడు. ఇక్కడ అతనికి కాంట్రాక్టు ఇప్పించింది బావే. అదే మొదటి రోజు.

ఆసుపత్రి సర్వర్లన్నీ నిజానికి ఒకే పెద్ద మెషిన్ లోపల నడుస్తాయి. వాటి డేటా పక్క ర్యాకులో, స్టోరేజీలో ఉంటుంది. రెంటికీ మధ్య రెండు కేబుళ్లు, అంటే రెండు దారులు. ఒకటి పోయినా రెండోది మోస్తుంది. కేబుల్ మార్చాలంటే ముందు కమాండ్ కొట్టి ఆ దారిని ఆపాలి, మార్చాక ఇంకో కమాండ్ కొట్టి తెరవాలి.

ఆ ఉదయం రెండు పాత కేబుళ్లూ మార్చాలి. బావ మొదటి దారి ఆపాడు. బావమరిది కేబుల్ మార్చాడు. పచ్చ లైటు వెలిగింది.

"ఇంతేనా? ఈ మాత్రం పనికి డ్యూటీ డ్యూటీ అని మా అక్కని హడలగొడుతున్నావా బావా?"

"నోర్ముయ్యి. లాగడం తప్ప నీకేం తెలుసురా?"

"లాగేది నేను, జీతం నీకు."

నవ్వుకుంటూ ఇద్దరూ టీకి వెళ్లారు. తెరిచే కమాండ్ కొట్టడం బావ మర్చిపోయాడు. లైటు పచ్చగానే ఉంది కాబట్టి బావమరిదికి అనుమానం రాలేదు. కేబుల్ బాగుందనే ఆ లైటు చెప్తుంది. దారి తెరిచారో లేదో చెప్పదు.

తిరిగొచ్చి బావ రెండో దారి ఆపబోయాడు. తెర మీద కుదరదని ఒక లైను పడింది. నడుస్తున్న దారి అదొక్కటే మిగిలితే మెషిన్ దాన్ని ఆపనివ్వదు. బావ మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే లైను.

"ఏంటి బావా, ఏదో అంటోంది?"

"దీనికదో రోగం. సణుగుతూనే ఉంటుంది, మీ అక్కలాగా."

"ఓసారి చూసుకోరాదూ?"

"నేను చెప్తున్నాగా. పీకెయ్."

దారులు ఎలా ఉన్నాయో చూపించే కమాండ్ ఉంది. కొడితే మొదటిది ఆఫ్‌లో ఉన్నట్టు కనిపించేది. బావమరిది ముందు తడుముకోవడం నామోషీ అనిపించి బావ కొట్టలేదు.

బావమరిది పీకాడు.

నిమిషంలోనే కేబుల్ తిరిగి పెట్టారు. సర్వర్లు ఒక్కొక్కటీ లేచేసరికి పన్నెండయింది. ఆసుపత్రి మేనేజరు మేడమ్ మెట్లెక్కి వచ్చింది.

"కేబుల్ పీకిందెవరు?"

"నేనే మేడమ్," అన్నాడు బావమరిది.

"పీకమన్నదెవరు?"

బావమరిది బావ వైపు చూశాడు. బావ తెర వైపు చూశాడు.

"ఎవరూ అన్లేదు మేడమ్. నేనే తొందరపడ్డాను."

ఆమె చెయ్యి చాపింది. బావమరిది మెడలోంచి ఎంట్రీ కార్డు తీసి ఇచ్చాడు. సంచి సర్దుకుని, వెళ్తూ వెళ్తూ బావ చెవి దగ్గర ఆగాడు.

"అక్కకి చెప్పకు. గోల చేస్తుంది."

ఒరేయ్ ఆగరా, అందామనుకున్నాడు బావ. కానీ కూర్చుని మొదటి దారి తెరిచాడు.

భోజనం వేళకి భార్య ఫోన్ చేసింది.

"మావాడు ఎలా చేస్తున్నాడు? పక్కన నువ్వున్నావని నేను నిశ్చింతగా ఉన్నా."

"బాగానే చేస్తున్నాడు," అన్నాడు. తల కొట్టేసినట్టయింది. డబ్బా మూత తియ్యకుండానే లేచి మేడమ్ గదికి వెళ్లాడు.

"మేడమ్, పీకమన్నది నేను."

"అక్కడే అడిగాను కదా?"

"అడిగారు."

"మెషిన్ ముందుగా ఏమీ చెప్పలేదా?"

"చెప్పింది. రెండుసార్లు."

"మరి?"

"మావాడి ముందు చిన్నబోతానని..."

"వాడు మీ ముందే కార్డు తీసి ఇచ్చాడండీ," అంది ఆమె.

ఆమె ఫోన్ తీసి గేటుకి కలిపి, "ఆ కేబుళ్ల అబ్బాయిని రేపు లోపలికి పంపండి," అంది.

మర్నాడు రెండో కేబుల్ బావమరిదే మార్చాడు. కీబోర్డు ముందు హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి కూర్చుంది. రెండు దారులూ నడుస్తున్నాయని చూసుకుని, రెండోది ఆపాకే పీకమంది. బావ గుమ్మం బయట నిలబడ్డాడు.