ఫ్రిజ్ కూడా ఆపేసిన ఆదివారం

మా గ్రోనింగెన్ పల్లెల్లో పాతకాలపు సంగీతానికి హాలూ టికెట్లూ ఉండవు. నెలకో ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి వంటింట్లో చేరతాం. ఆ నెల వంతు నాది. వాయించబోయేది క్లావికార్డ్. మీటలున్న పెట్టే గానీ దాని గొంతు మరీ చిన్నది, ఎవరైనా దగ్గితే మునిగిపోతుంది. అందుకే అందరూ గుమ్మంలోనే బూట్లు విప్పేశారు. గోడ గడియారం ఆపాను. ఫ్రిజ్ ప్లగ్గూ పీకేశాను.

"పాలు విరిగితే నీదే పూచీ," అంది పక్కింటి హిల్యే.

"విరిగితే నీ కాఫీలోనే పోస్తా. నోరు మూసుకుని కూర్చో."

ఆ పెట్టె చేసింది మా మరిది వోల్టర్. ఏళ్ల తరబడి కొట్టంలో చెక్కీ చెక్కీ, తీగలు బిగించే వేళకి చెవులు పోగొట్టుకున్నాడు. చెవి మిషను పెట్టుకుంటే మన అరుపులు వినపడతాయి, ఆ పెట్టె గొంతు మాత్రం అందదు.

"ఇంత నిశ్శబ్దంలో, ఫెమ్కె చేతుల్లో కూడా వినపడకపోతే అమ్మేస్తా వదినా. నేను వినలేని వస్తువు నాకెందుకు?" అన్నాడు పొద్దున్నే.

ఫెమ్కె మా చర్చిలో ఆర్గన్ వాయించే పిల్ల. మొదలుపెట్టింది. ఎవరో పక్కగదిలో బిడ్డను జోకొడుతున్నట్టు వచ్చింది పాట. అంతా ముందుకు వంగి విన్నాం. వోల్టర్ మాత్రం కిటికీ అవతల నిలబడి పెళ్లి చూసేవాడిలా ఆ పిల్ల వేళ్లకేసే చూస్తున్నాడు.

ఫెమ్కె చూసి ఆపేసింది. పొయ్యి పక్కనున్న నా చెక్క గరిటె తీసి వోల్టర్ చేతిలో పెట్టింది.

"కాడ పళ్లతో పట్టుకో తాతా! రెండో కొస పెట్టె మీద ఆనించు! ఎముకల్లోంచి వినపడుతుంది!" అని గట్టిగా అరిచింది.

"బఠానీ సూపు రుచి చూస్తున్నావా వోల్టర్?" అంది హిల్యే. అంతా నవ్వారు.

మళ్లీ వాయించింది. వోల్టర్ ఉలిక్కిపడ్డాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. కాడ వణుకుతోంది, గడ్డం వణుకుతోంది, ఏది దేన్ని వణికిస్తోందో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక చర్చిలో కూడా అలాంటి నిశ్శబ్దం ఎరగను. పాట అయిపోయాక కూడా ఒక్కరూ కదల్లేదు. హిల్యే కూడా.

వోల్టర్ గరిటె తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"కింది నుంచి మూడో తీగ గరగరమంటోంది. రేపు సరిచేస్తా."

"అమ్మేస్తానన్నావుగా?" అని చెవిలో అరిచాను.

"దేన్ని?" అంటూ గరిటె కోటు జేబులో దోపుకున్నాడు.

"అది నాది!"

"నీకింకోటి నేనే చెక్కి ఇస్తాలే వదినా."