ముప్పై ఏడో నంబరు బస్సుకు మేం రాసిచ్చిన జవాబు

మాకు రెండు పార్లమెంటులున్నాయి. ఒకటి లండన్‌లో ఉంది, దానికి సెలవులిస్తారు. రెండోది మా థార్న్‌బెక్ చర్చి ఎదుటి బస్సు షెల్టర్‌లో ఉంది, దానికి సెలవుల్లేవు. ముప్పై ఏడో నంబరు బస్సు పదకొండూ పదికి రావాలి, పదకొండున్నరకి వస్తుంది. ఆ ఇరవై నిమిషాల్లో మేం దేశాన్ని ఒకసారి కూల్చి, మళ్ళీ కట్టి, బాగోలేదని మళ్ళీ కూలుస్తాం.

మా ప్రధాన వక్త క్లిఫర్డ్. నలభై ఏళ్ళు ఊళ్ళో ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఇప్పుడు ఉత్తరాల్లేవు కాబట్టి తప్పులు పంచుతున్నాడు, ఒక్క గడపా వదలకుండా.

"డాక్టరు కావాలంటే ఎనిమిదింటికి ఫోన్ పట్టుకోవాలంట. ఎనిమిదీ ఒక నిమిషానికి అపాయింట్‌మెంట్లు అయిపోయాయంటారు! డాక్టర్లా, పొయ్యిలోంచి తీసిన బన్నులా?"

"తప్పెవరిదంటావు?" అన్నాను నేను. అడక్కపోయినా చెబుతాడు, అడిగితే మర్యాదగా ఉంటుంది.

"ఎవరిదేంటి నోర్మా! ఈ ప్రభుత్వానిది. అంతకుముందు ప్రభుత్వానిది. బయటినుంచి వచ్చినోళ్ళది. మంచం దిగని కుర్రకారుది."

"మరి మన ముసలాళ్ళది?"

"మనం పన్నులు కట్టామమ్మా!"

అంతలో బస్సు వచ్చి ఆగింది. డ్రైవర్ సాజిద్ తలుపు తీసి, "ఏం క్లిఫ్ అంకుల్, బయటోళ్ళంతా పోవాలంటున్నావు, నేను దిగిపోనా మరి? బస్సు నువ్వు నడుపుతావా?" అన్నాడు.

"నిన్ను కాదురా నాయనా! నువ్వు మావాడివి. మీ ఇంటికి ఉత్తరాలు తెచ్చింది నేను కాదూ?"

"తెచ్చావు, తెచ్చావు. అన్నీ పక్కింటోళ్ళవి."

ఈ గోలలో ఎప్పుడూ నోరు విప్పనిది గ్లెనిస్ ఒక్కతే. ఒళ్ళో సంచీ, సంచీలో చేతిరుమాలు చుట్టిన చెంచా. ఆమె భర్త ఆల్విన్‌కి మతిమరుపు జబ్బు ముదిరింది. ఆరు మైళ్ళ అవతల ఆస్కర్టన్‌లో కేర్ హోమ్‌లో ఉంటాడు. పన్నెండింటికి అక్కడ భోజనం పెడతారు. నర్సులు ఎంత బతిమాలినా పళ్ళు బిగించి కూర్చుంటాడు. గ్లెనిస్ ఆ చెంచాతో మెత్తగా మెదిపిన బంగాళాదుంప పెడితే మాత్రం నోరు తెరుస్తాడు. నాలుగేళ్ళుగా రోజూ ఆమె ఈ బస్సులోనే వెళుతోంది. ఆమెకి కారు లేదు, పిల్లల్లేరు. బస్సు లేకపోతే ఆల్విన్‌కి ముద్ద లేదు.

శరదృతువులో కౌన్సిల్ వాళ్ళు ఇంటింటికీ ఫారాలు పంపారు. బస్సు మీద మీ అభిప్రాయం ఏమిటి, ఒకవేళ ఈ సర్వీసు ఆగిపోతే మీరు ఏం చేస్తారు అని రెండే ప్రశ్నలు. షెల్టర్‌లో కూర్చునే నింపాం. ఎవరి ఫారం వాళ్ళు చేయి అడ్డం పెట్టుకుని మరీ రాశారు, బళ్ళో పరీక్ష రాస్తున్నట్టు. తర్వాత అందరం కలిసి బస్సు ఆలస్యాన్ని తిట్టుకున్నాం.

ఫిబ్రవరిలో షెల్టర్ అద్దానికి కాగితం అంటించారు. మార్చి నెలాఖరుతో ముప్పై ఏడు రద్దు. ప్రజలు చెప్పుకోదలచిందేమైనా ఉంటే గురువారం సాయంత్రం నాలుగున్నరకి ఆస్కర్టన్ టౌన్ హాల్‌కి రావాలి. తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సు ఐదూ ఇరవైకి.

గ్లెనిస్ ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత సంచీ తెరిచి చెంచా ఉందో లేదో చూసుకుంది.

"వెళ్దాం! నేను మాట్లాడతా!" అన్నాడు క్లిఫర్డ్. "వాళ్ళని ఉతికి ఆరేస్తా చూడండి!"

గురువారం హాల్లో ముప్పై మందిమి ఉన్నాం. కౌన్సిలర్ రెడ్‌ఫెర్న్ గారు మెత్తటి మనిషి, మెత్తటి గొంతు. మాకు టీ, బిస్కట్లు ఇప్పించింది. అక్కడే సగం పడిపోయాం మేము. బిస్కట్ తిన్న నోటితో ఎవరినైనా ఏమంటాం?

"ఈ నిర్ణయం మాది కాదండీ, మీది," అందామె. "నలభై ఒక్క ఫారాలు వచ్చాయి. ముప్పై తొమ్మిది మంది బస్సు లేకపోయినా పర్వాలేదని రాశారు. కొన్ని చదువుతాను. 'ఈ మాత్రం నడక ఒంటికి మంచిదే.'"

పక్కన క్లిఫర్డ్ చెవులు ఎర్రబడ్డాయి. అతను రెండు మోకాళ్ళకీ కట్లు కట్టుకుని తిరుగుతాడు.

"'దేవుడు రెండు కాళ్ళిచ్చాడు, ఫిర్యాదేం లేదు.'"

అది నాది. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకి భోజనం వడ్డించి అరిగిపోయిన కాళ్ళు నావి. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"'ఎలాగోలా సర్దుకుంటాను. దయచేసి నా గురించి శ్రమ పడకండి.'"

ఎవరిదో అడగక్కర్లేదు. గ్లెనిస్ తన బూట్ల వంక చూసుకుంటోంది.

"ఇంత ఓర్పున్న ప్రజలు దొరకడం మా అదృష్టం," అంది కౌన్సిలర్. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఛీ, చెప్పుకుంటే సిగ్గుచేటు, మేమూ కొట్టాం! మా బస్సుని మేమే చంపుకుని చప్పట్లు కొట్టిన ఘనులం మేము.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

అందరం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. మాటలు కోటలు దాటే క్లిఫర్డ్ టీ కప్పులోకి తొంగి చూస్తున్నాడు. మోచేత్తో పొడిచాను.

"ఏదయ్యా నీ నోరు? షెల్టర్‌లో మర్చిపోయి వచ్చావా?"

"అందరి ముందా? గొడవ చేసినట్టుంటుంది నోర్మా."

అతన్ని అని ఏం లాభం? రెండొందల మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన దాన్ని, నా చెయ్యీ పైకి లేవలేదు. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

గోడ గడియారం ఐదూ పది చూపించింది. గ్లెనిస్ లేచింది.

"చెప్పండమ్మా, అభ్యంతరమా?"

"అబ్బే, లేదండీ. బస్సు టైమైంది. మధ్యలో లేచినందుకు క్షమించండి."

వరస చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. సంచీని రెండు చేతుల్తో పొట్టకి అదుముకుంది.

"ఆ సర్దుకుంటానన్నది నేనేనండీ. అది అబద్ధం. నేను సర్దుకోలేను. మా ఆయన నేను పెడితేనే తింటాడు. నేను వెళ్ళకపోతే తినడు. అంతేనండీ."

కౌన్సిలర్ మొహం చిన్నబోయింది. "మరి ఫారంలో అలా ఎందుకు రాశారమ్మా?"

"మీరు అంత మర్యాదగా అడిగారు కదండీ."

ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. "ఆ ఫారాలు చించి పారెయ్యండమ్మా! రోజంతా సణుగుతాం, ఎవరైనా అడిగితే మాత్రం బాగున్నామంటాం. ఇల్లు కాలిపోతున్నా పొరుగువాళ్ళకి పొగ తగిలిందని క్షమాపణ చెప్పే జనం మేము. మీరూ ఈ ఊరి పిల్లే కదా, మీకు తెలీదూ?"

ఆమెకి తెలుసు. ఆమె తల్లి చనిపోయే ముందు రోజు కూడా ఆసుపత్రిలో బాగానే ఉన్నానందట. ఆ మాట తర్వాత ఎప్పుడో నాతో అంది. అప్పుడు మాత్రం కాగితాలు సర్దుకుని, రెండు వారాలు గడువిస్తున్నాను, కొత్త ఫారాలు పంపుతాను అంది.

బయటికి పరిగెత్తేసరికి ఐదున్నర. బస్సు ఇంకా అక్కడే ఉంది. సాజిద్ కిందికి దిగి తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

"అద్దం మురికిగా ఉంటే బండి కదపకూడదు, అది రూలు," అన్నాడు మా వైపు చూడకుండా.

కొత్త ఫారాలు వచ్చిన రోజు అందరినీ చర్చి హాలుకి రమ్మన్నాను. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పళ్ళెం ఖాళీ చేస్తే గాని ఆటలకి వదలని పాత అలవాటు నాది.

క్లిఫర్డ్ ముందుగా తెచ్చాడు. 'కొంచెం అసౌకర్యం కలగవచ్చు' అని ఉంది.

"చెరిపెయ్. మోకాళ్ళ సంగతి రాయి."

"అది నా సొంత విషయం కదే!"

"రోజూ షెల్టర్‌లో దేశంలో ఉన్న వాళ్ళందరి సొంత విషయాలూ చెబుతావు కదా? రాయి!"

గొణుక్కుంటూ వెళ్ళి రాశాడు. రాయడం మొదలుపెట్టాక ఆగలేదు, వెనక పేజీ కూడా అడిగాడు. భార్య పోయాక వారానికి మూడు రోజులు బస్సులో ఊరికే అటూ ఇటూ తిరిగి వస్తున్నాడట, మనుషుల మాట వినబడుతుందని. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నా నాకు తెలియలేదు.

ఆఖరిది గ్లెనిస్‌ది. 'సర్దుకోలేను' అని ఒక్క ముక్క రాసింది. కింద చిన్న అక్షరాల్లో, 'మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి.'

కలం తీసుకుని ఆ రెండో వాక్యం కొట్టెయ్యబోయాను. నా మణికట్టు పట్టుకుంది.

"అది ఉండనీ నోర్మా. నేను అడిగింది వాళ్ళు ఇవ్వక్కర్లేదు గానీ, అడిగిన పద్ధతి బాగుండాలి."

ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. ముప్పై ఏడు ఉంటుంది. రోజుకి ఐదు ట్రిప్పులు కాదు, రెండు. వెళ్ళేది పదకొండూ పదికి, వచ్చేది ఒకటిన్నరకి. ఇది మా విజయమా, ఓటమా అని షెల్టర్‌లో నేటికీ చర్చ నడుస్తోంది. తప్పు ఎవరిదన్నది మాత్రం క్లిఫర్డ్ తేల్చేశాడు.

మొన్న సోమవారం బస్సెక్కాం. సాజిద్ ఎప్పటిలాగే, "గ్లెనిస్ ఆంటీ, అంకుల్ ఎలా ఉన్నారు?" అన్నాడు.

"బాగానే ఉన్నాడు బాబూ, ఏ లోటూ లేదు," అంది అలవాటుగా. రెండు సీట్లు దాటి వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగింది.

"లేదు బాబూ. బాలేడు. నిన్న నన్ను చూసి మీరెవరండీ అన్నాడు."

బస్సంతా కిటికీల్లోంచి బయటికి చూసింది. క్లిఫర్డ్ జేబులోంచి పిప్పరమెంటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది. సాజిద్ బండి కదపలేదు.

"మరి తిన్నాడా?" అని అడిగాను.

"ఎవరండీ అంటూనే నోరు తెరిచాడు," అంది. "మొత్తం తిన్నాడు నోర్మా."