గ్రహం పేరు మార్చారు

బ్రయిలా ఊరి నూలుమిల్లులో స్మరాండా డ్రాయింగులు గీసేది. అదే గదిలో నేను టైపు కొట్టేదాన్ని. మిల్లులో సైన్సు కథల సంఘం ఒకటి ఉండేది. గురువారం సాయంత్రాలు పదిమందిమి చేరి, చలికి కోట్లు విప్పకుండానే, రాకెట్ల మీదా రోబోల మీదా రాసుకున్న కథలు చదువుకునేవాళ్లం. ఎనభై ఆరో సంవత్సరం చివర్లో స్మరాండా చదివిన కథ విన్నాక మాత్రం ఎవరో లేచి వెళ్లి తలుపు గడియ పెట్టారు.

ఓర్వా అనే గ్రహం కథ అది. అక్కడ ఆడవాళ్ల కడుపులు రాజ్యం సొత్తు. నెలకోసారి అందరూ ఒక ఆకుపచ్చ తలుపు ముందు వరుసకట్టాలి. లోపలున్న యంత్రం తడిమి చూసి, కడుపు పండిందీ లేనిదీ చీటీ మీద రాస్తుంది. పండిన కడుపు మధ్యలో ఖాళీ అయితే ఆ మనిషి జైలుకు పోతుంది.

మా దేశంలోనూ అప్పుడు గర్భం తీయించుకోవడం నేరమే. మా మిల్లులో తలుపు తెల్లది, యంత్రం బదులు డాక్టరు మనోలే. తేడా అంతే.

సంఘం కార్యదర్శి టిబేరియు ఆ కథను రాజధానిలో ఒక వార్షిక సంచికకు పంపాడు. రెండు నెలలకు అది ఎర్రపెన్సిలు గీతలతో తిరిగొచ్చింది.

“కథ వాళ్లకు తెగ నచ్చింది స్మరాండా. చిన్నచిన్న మార్పులు, అంతే,” అన్నాడు.

“ఏం మార్పులు?”

“నీ గ్రహం మీద జనం కోడికాళ్ల కోసం క్యూ కడుతున్నారు. తీసెయ్. పాలకుడి పక్కన పెళ్లాం ఎందుకు? ఆవిడనీ తీసెయ్. ఓర్వా బదులు డాలరియా అని పెట్టు. ఆ యంత్రం ఏదో కంపెనీదని ఒక్క ముక్క రాయి.”

“కంపెనీకి పిల్లలెందుకట?”

“కూలీలు కావద్దూ? కాస్త బుర్ర పెట్టు.”

“నేను రాసింది వాళ్ల గురించి కాదని, ఆ క్యూలూ ఆ పెళ్లామూ ఇక్కడివేనని నీకు తెలుసుగా!”

టిబేరియు ఒకసారి తలుపువైపు చూశాడు. “నాకేం తెలీదు. నీకూ తెలీదు. అచ్చులో నీ పేరు చూసుకోవాలనుందా, లేదా?”

ఆమెకు ఉంది. పదేళ్లుగా రాస్తోంది, ఒక్కటీ అచ్చు కాలేదు. మార్చిన ప్రతి నేనే టైపు కొట్టాను. స్మరాండా నా వెనకే నిలబడి, “జనానికి తెలుస్తుందిలే వెటూరియా. రాయనిది కూడా చదువుకుంటారు,” అని పదేపదే చెప్పింది, నాకో తనకో.

సంచిక వచ్చిన నెలకు మిల్లు భోజనశాలలో మహిళా దినం జరిపారు. పండగని పరీక్ష ఆపలేదు. ఆ ఉదయమే వడికే షెడ్డు ఆడవాళ్లను తెల్లతలుపు ముందు నిలబెట్టారు. సాయంత్రం, ‘పెట్టుబడి లోకంలో స్త్రీ గతి’ అన్న బ్యానరు కింద, టిబేరియు మైకు పట్టుకుని స్మరాండా కథ చదివాడు. యంత్రపు చేతులు ఆడదాన్ని తడిమే చోట గొంతు గద్గదం చేసుకున్నాడు కూడా. ముందువరుసలో డాక్టరు మనోలే చేతిరుమాలుతో కళ్లొత్తుకున్నాడు.

వెనకబెంచీలోంచి షెడ్డు పరాస్కివా లేచింది. ముగ్గురు పిల్లల తల్లి.

“కామ్రేడ్, నాదో అనుమానం.”

“అడుగమ్మా.”

“ఆ డాలరియాలో గుడ్డలు వరుసలో ఉండగానే విప్పిస్తారా, లోపలికెళ్లాకా? పొద్దున మమ్మల్ని బయటే విప్పమన్నారు. అక్కడేమైనా నయమేమోనని.”

ఎవరో కిసుక్కుమన్నారు. అది బెంచీ నుంచి బెంచీకి పాకింది, హాలంతా నవ్వింది. వినడానికి బాగుండే నవ్వు కాదు. టిబేరియు చప్పున పాట పెట్టించాడు.

ఆ గోలలోనే డాక్టరు ఎర్ర కార్నేషన్ పూలు పట్టుకుని స్మరాండా దగ్గరికొచ్చాడు. “కళ్లనీళ్లు పెట్టించావమ్మా. పాపం, ఎన్ని కష్టాలు ఆ ఆడవాళ్లకి!”

స్మరాండా చేతులు వెనక్కి పెట్టుకుంది. “మీకు నిజంగా అర్థం కాలేదా డాక్టరుగారూ?”

ఆయన మొహం మీద నవ్వు చెదరలేదు. గొంతు మాత్రం తగ్గింది. “మొదటి పేజీలోనే అయింది. బాగా రాశావు. పూలు తీసుకో, అందరూ చూస్తున్నారు.”

ఆమె పూలు తీసుకుంది. తర్వాత కడుక్కునే గదిలోకి పరుగెత్తి, పూలు తొట్టిలో పడేసి, చేతులు సబ్బుతో రుద్దిరుద్ది కడుక్కుంది. నేను తువ్వాలు అందించాను.

“ఆ డాక్టరు మీద కాదు వెటూరియా నా అసహ్యం,” అంది చేతులు తుడుచుకుంటూ. “డాలరియా అని రాసిన చెయ్యి నాదే.”

ఆ నెలలో పరాస్కివాకు పరీక్ష రెండుసార్లు జరిగింది. మన అంతరిక్ష నౌక వెళ్లి డాలరియా ఆడవాళ్లను విడిపించినట్టు రెండో భాగం రాయమని స్మరాండాకు పైనుంచి కబురొచ్చింది. రాయనంది. డ్రాయింగు గది నుంచి తీసి షెడ్డులో పడేశారు. మొదటిరోజు పరాస్కివా తన పక్క యంత్రం చూపించి, “రా పిల్లా, ఇక్కడ దారం తక్కువ తెగుతుంది,” అంది. రెండో భాగం టిబేరియు రాశాడు. పతకం వచ్చింది.

ప్రభుత్వం కూలిన మూడో ఏట టీవీలో టిబేరియు కనిపించాడు. జుట్టు నెరిసి పెద్దమనిషిలా ఉన్నాడు. “మేం డాలరియా అని రాస్తే జనం మన దేశమని చదువుకునేవారు. అదే మా తిరుగుబాటు,” అంటున్నాడు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి భక్తిగా తలూపుతోంది.

స్మరాండా నా పక్కనే కూర్చుని బీన్సు ఒలుస్తోంది.

“నీ అసలు కథ ఇప్పుడు వేయించవచ్చుగా?” అన్నాను. “ఇంక అడ్డేముంది?”

“వేస్తే వాడి ఫోటో పక్కన నా ఫోటో వేస్తారు,” అని లేచి టీవీ కట్టేసింది.