జానెడు గాలి

గోదాములో అతన్ని అందరూ క్వింటా అంటారు. వంద కిలోల బస్తాను సాయం లేకుండా వీపుకెత్తుకుని, లారీకి ఆనించిన పలక మీదుగా ఎక్కిపోయే మనిషి. నలభై నాలుగేళ్లు వచ్చినా ఆ పేరు పోలేదు. అలాంటివాడికి పరుగు రాదని ఆ ఏడు తెలిసింది.

వాలంటీరు అగ్నిమాపక దళంలో చేరాలంటే మూడు పరీక్షలు. కిలోమీటరున్నర పరుగు తొమ్మిది నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. మూడంతస్తుల నిచ్చెన ఎక్కాలి. ఆఖరున, పొగ నింపిన గదిలోంచి అరవై కిలోల బొమ్మను బయటికి తేవాలి. ఈ చివరిది విన్నప్పుడు క్వింటా నవ్వాడు. భార్య పోయాక అతను నవ్వగా కూతురు చూడటం అదే మొదటిసారి.

పదిహేడేళ్ల ఆ పిల్ల పొద్దున్నే సైకిలెక్కి అతని పక్కనే వచ్చేది. ఫోనులో టైము చూసేది. మొదటి రోజు పదమూడు నిమిషాలు పట్టింది. కరెంటు స్తంభం పట్టుకుని వంగి దగ్గాడు.

"బీడీలు, నాన్నా."

"మానేస్తాలే."

"ఎప్పుడు?"

జేబులోంచి కట్ట తీసి ఆమె సైకిలు బుట్టలో పడేశాడు.

గోదాములో జట్టు మేస్త్రీ ఊరుకునే రకం కాదు. "ఏరా క్వింటా, పొద్దున నిన్ను చూశాను. బస్తాకి కాళ్లొచ్చి పారిపోతోందనుకుని వెంటపడబోయాను."

"నీకెందుకన్నా."

"నాకెందుకా? నువ్వు సన్నబడితే పేరు మార్చాలి కదరా. అరక్వింటా అని పిలవాలి."

జట్టంతా నవ్వింది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మాత్రం మేస్త్రీ అతని భుజం మీద చెయ్యేశాడు. "చేరు, మంచిదే. ఆ రోజు నువ్వు చేసింది ఇంకొకడి వల్ల అయ్యేది కాదు."

ఆ రోజంటే నిరుడు, మధ్యాహ్నం భోజనాల వేళ. గోదాముకు నాలుగిళ్ల అవతల రెండో అంతస్తులో కుట్టుమిషన్ల గది ఉండేది. అతని భార్య అక్కడ చొక్కాలకు కాలర్లు కుట్టేది. మంటలని ఎవరో అరిస్తే క్వింటా తలగుడ్డ తడిపి ముక్కుకు చుట్టుకుని మెట్లెక్కాడు. ఆమె మిషను పక్కన నేల మీద బోర్లా పడుకుని ఉంది. పిలిస్తే పలికింది. బస్తాను ఎత్తినట్టే ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని కిందికి గుంజింది. భయపడుతోందనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. రోడ్డు మీదికి తెచ్చి దింపేసరికి ఊపిరి లేదు.

ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. ఆలస్యమైపోయిందన్నారు జనం. నువ్వు కాబట్టి ఆ మాత్రమైనా తెచ్చావన్నారు. ఫైరింజను ఇరవై నిమిషాలకు వచ్చింది. ఆ తర్వాతే ఆ పేటలో ఉండేవాళ్లతో దళం పెడదామన్నారు. మొదట పేరిచ్చింది అతనే. అమ్మ సంగతి ఎవరడిగినా కూతురు ఒకటే మాట చెప్పేది: "నాన్న మోసుకొచ్చాడు." అది చెప్పాక ఇంక ఏడ్చేది కాదు.

నాలుగు నెలలకు పరుగు ఎనిమిదిన్నర నిమిషాలకు దిగింది. నిచ్చెనా అలవాటైంది. పరీక్షకు ఆరు రోజుల ముందు పొగ గదిలో సాధన పెట్టారు.

నేర్పేది రిటైరైన ఫైర్‌మన్. ఎడమ చెవి సగం కాలిపోయిన పెద్దాయన. క్వింటా గదిలోకి వెళ్లి, బొమ్మను భుజానికెత్తుకుని, నిటారుగా నడిచి అర నిమిషంలో బయటికొచ్చాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు.

"దింపు," అన్నాడు పెద్దాయన. "ఈ మనిషి పోయాడు."

"నిమిషం కూడా పట్టలేదు కద సార్."

"పొగ పైకి పోతుందయ్యా. గది నిండినా నేల మీద జానెడు గాలుంటుంది. కింద పడినవాడు దాంతోనే బతికుంటాడు. నువ్వు వాణ్ణి ఆ గాల్లోంచి తీసి పొగలో పెట్టావు. ఎత్తకూడదు. నువ్వూ మోకాళ్ల మీదుండి, చంకల కింద పట్టుకుని నేలబారుగా లాక్కురావాలి."

క్వింటా బొమ్మను దింపాడు. దాని తల కింద చెయ్యి ఆనించి మెల్లగా దింపాడు.

"మెట్లయితే సార్?"

"మెట్లయితే మరీను. పొగకి అదే దారి."

"భుజాన ఉన్న మనిషి కిందికి గుంజితే?"

పెద్దాయన అతని వంక చూశాడు. "ఎవరు గుంజారు?"

"ఊరికే అడిగాను సార్."

మూడు రోజులు పొద్దున పరుగుకు పెట్టిన అలారం మోగినా గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోదాములో బస్తా ఎత్తబోయి దింపేశాడు. మేస్త్రీ చూశాడు గానీ హాస్యమాడలేదు.

నాలుగో రోజు సాయంత్రం కూతురు కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. "ఎల్లుండే పరీక్ష. ఏమైంది నీకు?"

అతను కంచంలోకి చూస్తూ పెద్దాయన అన్నది చెప్పాడు. చొక్కా గుంజిన సంగతి అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అదీ చెప్పాడు.

ఆమె అంది. "అమ్మకి తెలుసన్నమాట."

"తెలిసే ఉంటుంది."

"నీకు తెలీదు."

"నాకు ఎత్తడమే తెలుసమ్మా."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. కుళాయి చప్పుడు వినిపించింది. అది ఆగాక ఏడుపు వినిపించింది. లేచి వెళ్దామనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలీక, చేతికి మెతుకులు ఎండిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు.

తెల్లారి అలారం మోగింది. కూతురు నడవలో కుర్చీని పక్కకి జరిపి, గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"చంకల కిందేనా పట్టుకోవాల్సింది?"

"వద్దులేమ్మా."

"రేపే పరీక్ష. లాగు."

అతను మోకాళ్ల మీద వంగాడు. చేతులు వేసి వెనక్కి జరిగాడు. ఆమె మడమలు గచ్చు మీద రాసుకుంటున్నాయి. వంటగది దాటారు. గోడవారన ఇంకా అలాగే ఉన్న అమ్మ చెప్పుల జత దాటారు. వీధి తలుపు దగ్గరికొచ్చేసరికి ఇరవై రెండేళ్ల అలవాటు నడుములోంచి లేచింది. చేతులు వాటంతటవే ఎత్తబోయాయి.

"లేవకు నాన్నా."

ఆగాడు. తల ఇంకా కిందికి వంచాడు. తలుపు కింది సందులోంచి సన్నగా గాలి వస్తోంది. ముందు అతని మెడకు తగిలింది. తర్వాత ఆమె ముంగురులు కదిలాయి.

"ఇంకోసారి," అంది కూతురు, కళ్లు మూసుకునే.